నోరు కట్టుకున్నంత మాత్రాన గుండె బాగుపడదు

(అరవై దాటినవారి కోసం జరిగిన ఆరోగ్య సభలో ఒక డైటీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారికి వినపడుతోందా అండి? వినపడకపోతే చెయ్యెత్తండి, ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను.

చాలామంది చేతుల్లో పుస్తకం, పెన్ను కనిపిస్తున్నాయి. ఏమేం మానెయ్యాలో రాసుకుందామని వచ్చారు కదా? నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుంటూనే అడిగేది అదే. "ఇంకా ఏం మానమంటారమ్మా?" అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొస్తుంది. అందుకే అమ్మ సంగతితోనే మొదలుపెడతాను.

అమ్మకు 68వ ఏట గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది. ఇంటికి పంపేటప్పుడు చేతికి ఒక కాగితం ఇచ్చారు. నూనె తగ్గించాలి, ఉప్పు తగ్గించాలి, వెన్న వద్దు, వేపుళ్లు వద్దు, పచ్చసొన వద్దు. అమ్మ ఆ కాగితాన్ని వంటగది తలుపుకి అంటించుకుంది. భయపడిన మనిషి చెప్పినదానికంటే రెండాకులు ఎక్కువే చేస్తుంది. పచ్చసొన వద్దంటే గుడ్డే మానేసింది. వెన్న వద్దంటే పాలు, పెరుగు కూడా మానేసింది. బాదం లాంటి గింజల్లో నూనె ఉంటుంది కదా అని అవీ మానేసింది. పప్పులు అరగవని తగ్గించింది. చివరికి మిగిలింది ఉడికించిన కూరగాయలు, నాలుగు ముద్దల తిండి. నాలుగు నెలల్లో 7 కిలోలు తగ్గింది. చూసినవాళ్లంతా "బాగా తగ్గారే" అని మెచ్చుకున్నారు. ఒక రోజు తెల్లవారుజామున స్నానాల గదిలో కాళ్లు తేలిపోయి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

అప్పటికి నేను ఈ వృత్తిలోనే ఉన్నాను. వేరే ఊళ్లో ఉండి, ఫోన్‌లో "జాగ్రత్తగా తింటున్నావా అమ్మా?" అని అడిగేదాన్ని. "చాలా జాగ్రత్తగా" అనేది. ఆ జాగ్రత్త ఏమిటో నేను అడగలేదు. ఆ కాగితంలో ఏం తినకూడదో ఉంది, ఏం తినాలో ఒక్క ముక్క లేదు. ఈ రోజు మీ పుస్తకాల్లో ఆ రెండోది రాయించాలని వచ్చాను. పళ్లెంలోంచి ఒకటి తీసేస్తే ఆ చోట్లో ఏం పెడుతున్నారు? గుండె సంగతి చాలావరకు అక్కడే తేలుతుంది.

ముందు వయసుతో లోపల ఏం మారుతుందో చెబుతాను. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఒక్క ఉదుటున పెద్ద ధమనిలోకి దూకుతుంది. చిన్న వయసులో ఆ ధమని గోడ సాగి, ఆ తోపును కొంత తనలో ఇముడ్చుకుంటుంది. మళ్లీ ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు నెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గోడలో సాగే నారలు దెబ్బతిని, బిరుసు నారలు పెరుగుతాయి. అందుకే అరవై దాటిన చాలామందిలో బీపీ పై అంకె ఎక్కుతుంది, కింది అంకె అలాగే ఉంటుంది లేదా దిగుతుంది. "కింద 70 ఉంది, నాకేం భయం లేదు" అంటారు కొందరు. పైన 160 ఉంటే గుండె ప్రతి తోపుకీ ఒక గట్టి గొట్టంతో పెనుగులాడుతోందన్నమాట. ఆ పెనుగులాటతో ఏళ్ల తరబడి గుండె గోడ మందం అవుతుంది.

దీనికి తోడు మూత్రపిండాలు వయసుతో ఉప్పును బయటికి పంపడంలో వెనకబడతాయి. అంతే ఉప్పు తిన్నా ముప్పైల్లో పెరగని బీపీ డెబ్బైల్లో పెరుగుతుంది. మరోపక్క నాలుకకు రుచి, ముక్కుకు వాసన మందగిస్తాయి. వంట చప్పగా అనిపిస్తుంది, ఇంకో చిటికెడు వేస్తాం. ఒంటికి ఉప్పు తక్కువ కావాల్సిన వయసులోనే నోటికి ఎక్కువ కావాలనిపిస్తుంది. మీ ఇంట్లో చిన్నవాళ్లు "ఇంత ఉప్పేమిటి?" అంటే కోప్పడకండి. ఆ విషయంలో వాళ్ల నాలుకే కాస్త నమ్మదగింది.

ఎంత ఉప్పు? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు. అంటే సుమారు ఒక టీ చెంచా తలకొట్టి. ఇందులో వంటలో వేసింది, పైన చల్లుకున్నది, కొని తెచ్చిన పదార్థాల్లో దాగి ఉన్నది మొత్తం కలిసిపోవాలి. ఈ దాగి ఉన్న ఉప్పే అసలు చిక్కు. ప్యాకెట్ సూపులు, సాసులు, చిప్స్, నిల్వ చేసిన మాంసం, చీజ్, బ్రెడ్, బిస్కెట్లు. తియ్యగా ఉన్న బిస్కెట్‌లో కూడా ఉప్పుంటుంది. ప్యాకెట్ వెనక సోడియం అని రాసి ఉంటుంది, దాన్ని రెండున్నరతో గుణిస్తే సుమారుగా ఉప్పు ఎంతో వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. అక్షరాలు చిన్నవి, ఆనకపోతే మనవళ్లను చదవమనండి.

ఈ వయసులో ఉప్పు తగ్గిస్తే ఒరిగేదేముంది అంటారా? అమెరికాలో సరిగ్గా ఈ ప్రశ్నతోనే ఒక పరిశోధన చేశారు, 1998లో ఫలితాలు వచ్చాయి. అందులో 60 నుంచి 80 ఏళ్ల వాళ్లు 975 మంది. అందరూ బీపీకి మందు వాడుతున్నవాళ్లే. కొందరికి ఉప్పు తగ్గించుకోవడం నేర్పారు, లావుగా ఉన్నవాళ్లలో కొందరికి బరువు తగ్గడం నేర్పారు. తర్వాత డాక్టర్ల పర్యవేక్షణలో మందు ఆపి చూశారు. ఉప్పు తగ్గించినవాళ్లలో, మామూలుగా తిన్నవాళ్లతో పోలిస్తే, ఎక్కువమంది మళ్లీ మందు అవసరం లేకుండా ఉండగలిగారు. మందు ఆపింది డాక్టర్లు, ప్రతి వారినీ కనిపెట్టుకుని ఉంటూ ఆపారు. మీరు రేపు పొద్దున మీ ట్యాబ్లెట్ ఆపకండి, దయచేసి.

ఉప్పు తీసేస్తే ఆ చోట్లో ఏం పెట్టాలి? పులుపు. నిమ్మరసం వంట దించాక పిండితే నాలుకకు ఉప్పు లోటు అంతగా తెలియదు. మిరియాలు, వెల్లుల్లి, అల్లం, జీలకర్ర, కొత్తిమీర, పుదీనా లాంటివి ముక్కు దగ్గర పని చేస్తాయి. ఒకేసారి సగానికి తగ్గించకండి, వారానికి కొంచెం చొప్పున తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది, పాత వంట తింటే ఉప్పగా అనిపిస్తుంది. ఇది నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలాసార్లు చూశాను. మూడో వారం దాకా ఓర్చుకోవడమే కష్టం.

ఇంకో మార్గం ఉంది, కానీ హెచ్చరికతో చెబుతాను. మామూలు ఉప్పులో కొంత సోడియం తీసి పొటాషియం కలిపిన ఉప్పు దొరుకుతుంది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21,000 మందితో దాన్ని పరీక్షించారు. అందరూ ఇంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం గ్రామాల్లో నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు ఇచ్చారు. దాదాపు ఐదేళ్లు చూసి 2021లో ఫలితం చెప్పారు: పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, మరణాలు కూడా తగ్గాయి. ఒక్క ఉప్పు డబ్బా మార్చినందుకు ఇంత మేలు కనిపించడం నన్ను నిజంగా కదిలించింది. హెచ్చరిక ఏమిటంటే, మూత్రపిండాల జబ్బు ఉన్నా, ఒంట్లో పొటాషియం పెంచే రకం బీపీ మందులు వాడుతున్నా ఆ ఉప్పు ప్రమాదం. పొటాషియం హెచ్చితే గుండె లయ తప్పుతుంది. ఇక్కడ కూర్చున్నవారిలో అలాంటి మందులు వాడేవాళ్లు తప్పకుండా ఉంటారు. రక్తపరీక్ష చూపించి, డాక్టర్‌ని అడిగాకే ఆ డబ్బా కొనండి.

అలాగని ఉప్పు పూర్తిగా మానేయకండి. ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపే మాత్రలు వాడే పెద్దవాళ్లలో ఒంట్లో సోడియం బాగా పడిపోయి, మనిషి తికమకపడటం, తూలి పడటం చూశాను. ఇంట్లోవాళ్లు మతిమరుపు మొదలైందనుకుంటారు.

ఇప్పుడు నూనె, కొవ్వు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అమ్మ పొరబడింది ఇక్కడే, ఆ తరంలో చాలామంది పొరబడుతున్నదీ ఇక్కడే. "కొవ్వు తింటే కొవ్వు పేరుకుంటుంది" అన్న మాట వినడానికి బాగుంటుంది. రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువభాగం మన కాలేయం తయారుచేసుకునేదే. వెన్న, మీగడ, కొవ్వున్న మాంసం, పామాయిల్, కొబ్బరినూనె లాంటి వాటిలో ఉండే గడ్డకట్టే కొవ్వు ఎక్కువైతే, రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను లాగేసుకునే పని కాలేయం తగ్గించేస్తుంది. అది రక్తంలోనే తిరుగుతూ నాళాల గోడల్లోకి చేరుతుంది. ఆ కొవ్వు చోట్లో ద్రవంగా ఉండే నూనెల్లోని కొవ్వు, గింజల్లోని కొవ్వు, చేపల్లోని కొవ్వు పెడితే కొలెస్ట్రాల్ దిగుతుంది. ఆ చోట్లో తెల్ల పిండి, చక్కెర పెడితే? గుండెకు చెప్పుకోదగ్గ మేలేమీ ఉండదు. చాలామంది చేసేది ఇదే. వెన్న మానేశామంటారు, టీలో రెండు చెంచాల చక్కెర, పక్కన నాలుగు బిస్కెట్లు.

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో 1988లో ఒక పని మొదలుపెట్టారు. ఒకసారి గుండెపోటు వచ్చి బతికినవాళ్లు, 605 మంది. సగం మందిని కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, చేపలు ఎక్కువ తినమన్నారు, మాంసం తగ్గించమన్నారు, వెన్నకు బదులు ప్రత్యేకంగా తయారుచేసిన మార్జరిన్, అంటే నూనెలతో చేసే వెన్నలాంటి పదార్థం, ఇచ్చారు. మిగతా సగం మంది డాక్టర్లు మామూలుగా చెప్పే ఆహారమే తిన్నారు. మొదటి గుంపులో మళ్లీ గుండెపోటు రావడం ఎంతగా తగ్గిందంటే, అనుకున్న గడువు రాకముందే పరిశోధన ఆపేశారు.

స్పెయిన్‌లో ఇంకా పెద్దది చేశారు. 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసువాళ్లు 7,447 మంది. గుండెజబ్బు ఇంకా రాలేదు గానీ వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లు. ఒక గుంపుకి ఆలివ్ నూనె ధారాళంగా వాడమని ఇచ్చారు. ఒక గుంపుకి రోజూ 30 గ్రాముల గింజలు ఇచ్చారు, వాల్‌నట్, బాదం, హేజెల్‌నట్ కలిపి. మూడో గుంపుకి కొవ్వు తగ్గించమని సలహా ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణం కలిపి చూస్తే నూనె, గింజలు తిన్న గుంపుల్లో సుమారు 30 శాతం తక్కువ. ఇందులో ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 2013లో అచ్చైన ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు, కొన్నిచోట్ల మనుషుల్ని గుంపులుగా పంచడంలో తప్పు జరిగిందని తేలింది. లెక్కలన్నీ మళ్లీ వేసి 2018లో తిరిగి అచ్చు వేశారు. ఫలితం దాదాపు అలాగే నిలిచింది.

మా అమ్మ గింజలు మానేసిన రోజులు తలుచుకుంటే ఈ పరిశోధన నాకు మనసులో గుచ్చుకుంటుంది. రోజుకు ఒక గుప్పెడు, ఉప్పు వెయ్యనివి, వేయించనివి. పళ్లు లేకపోతే నానబెట్టి తినండి, పొడి చేసి పెరుగులో కలుపుకోండి. కొందరు గుప్పెడన్నది మరిచి గిన్నెడు తింటారు, అంత వద్దు.

ట్రాన్స్‌ఫ్యాట్ గురించి ఒక్క మాట. ద్రవ నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచినప్పుడు పుట్టే కొవ్వు ఇది. చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది. డెన్మార్క్ 2003లోనే దీనికి పరిమితి పెట్టింది, తర్వాత ఎన్నో దేశాలు ఆ బాట పట్టాయి. దీనికి మాత్రం బదులేమీ లేదు, మానెయ్యడమే. ప్యాకెట్ మీద "పాక్షికంగా హైడ్రోజనీకరించిన" అని ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

(సభలోంచి ఒకరు: "ఓట్స్ తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందంటారు, నిజమేనా?")

నిజమే అండి. కారణం తెలిస్తే ఓట్స్ ఒక్కదాన్నే పట్టుకోరు. అరగడం కోసం కాలేయం కొలెస్ట్రాల్‌ను వాడి పిత్తరసం తయారుచేస్తుంది. పేగుల్లో పని అయ్యాక ఆ రసంలో ఎక్కువభాగం తిరిగి కాలేయానికి చేరుతుంది. నీళ్లలో జిగురుగా మారే పీచు ఉంటే అది ఆ రసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కాలేయం మళ్లీ రసం చెయ్యాలంటే రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కోవాలి. ఆ జిగురు పీచు ఓట్స్‌లో ఉంది, బార్లీలో ఉంది, బీన్స్‌లో, పప్పుధాన్యాల్లో, యాపిల్‌లో, నారింజలో ఉంది. రోజుకు 3 గ్రాముల ఓట్స్ జిగురు పీచు, అంటే సుమారు ముప్పావు కప్పు నుంచి కప్పు దాకా పొడి ఓట్స్, కొలెస్ట్రాల్‌ను కొంత దించుతుంది. మందు దించినంత కాదు. మందుతో పాటు తింటే ఆ మేలూ కలుస్తుంది. ఒక్కసారిగా పెంచితే పొట్ట ఉబ్బుతుంది, మలబద్ధకం వస్తుంది, తర్వాత "నాకు పడదు" అని మానేస్తారు. కొద్దికొద్దిగా పెంచండి, నీళ్లు తాగండి. ఈ వయసులో దాహం సరిగ్గా తెలియదు కూడా, దాహం వేశాక తాగుదాం అనుకోకండి. గుండె బలహీనపడి డాక్టర్ నీళ్లకు కొలత పెట్టినవాళ్లు మాత్రం ఆ కొలత దాటొద్దు.

ఇక మా అమ్మ పడిపోయిన కారణం. కండ. నడివయసు నుంచే కండ ఏటా కొంత కరుగుతూ ఉంటుంది, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుంది. తిండి తగ్గించి బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. లేవలేని మనిషి నడవలేదు, నడవని మనిషికి గుండె ఎలా బాగుపడుతుంది? అందుకే గుండె ఆహారం అనగానే నేను మాంసకృత్తుల లెక్క అడుగుతాను. పెద్ద వయసువారికి నిపుణులు చెప్పేది రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. ఇది ఒక్క పూట తింటే కండకు సరిగ్గా అందదు, మూడు పూటలా పంచాలి. పప్పుధాన్యాలు, సోయా, పెరుగు, వెన్న తీసిన పాలు, చేప, గుడ్డు, చర్మం తీసిన కోడిమాంసం, ఎవరి అలవాటు వారిది. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి ఈ లెక్క వర్తించదు, వారికి విడిగా కొలత ఉంటుంది.

అమ్మకు తుంటి ఆపరేషన్ అయ్యాక నేను తలుపు మీద కాగితం తీసేసి కొత్తది రాసి అంటించాను. పొద్దున ఒక గుడ్డు, గిన్నెడు పెరుగు. మధ్యాహ్నం పప్పుధాన్యం గట్టిగా. సాయంత్రం గుప్పెడు గింజలు. రాత్రి వారానికి రెండుసార్లు చేప. ఒకే ఒక్క "వద్దు" రాశాను, ప్యాకెట్లు. ఏడాదికి చేతికర్ర సాయంతో నడిచింది. కొలెస్ట్రాల్ పెరగలేదు.

మందుల మాట చెప్పకుండా ఈ విషయం వదలలేను. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు మానెయ్యనక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే పరిమాణంలో తినాలి. ఒక వారం బోలెడు తిని మరో వారం మానేస్తే మందు లెక్క తప్పుతుంది. గ్రేప్‌ఫ్రూట్ అనే పండు, ద్రాక్ష కాదు, పుల్లటి పెద్ద నిమ్మజాతి పండు, కొన్ని కొలెస్ట్రాల్ మందుల్ని, కొన్ని బీపీ మందుల్ని ఒంట్లో మోతాదు మించి పేరుకునేలా చేస్తుంది. విటమిన్ ఇ, బీటాకెరోటిన్ మాత్రలు గుండెను కాపాడతాయని కొంటున్నారు. పెద్ద పరిశోధనల్లో అలాంటి మేలు కనిపించలేదు, ఆ ఖర్చు పండ్లకు పెట్టండి.

(ముందు వరుసలోని ఒక పెద్దావిడ: "భోజనం చెయ్యగానే మా ఆయనకు కళ్లు తిరుగుతాయమ్మా. ఆయనకు 84. ఇప్పుడు ఇవన్నీ మార్చి ఏం లాభం అంటారు.")

అమ్మా, ముందు కళ్లు తిరిగే సంగతి. కడుపు నిండా తిన్నాక రక్తం పేగులవైపు ఎక్కువగా వెళ్తుంది. చిన్న వయసులో గుండె, నాళాలు వెంటనే సర్దుకుంటాయి. పెద్ద వయసులో ఆలస్యమై బీపీ పడిపోతుంది, ముఖ్యంగా పిండిపదార్థం ఎక్కువగా తిన్నప్పుడు. మూడు పెద్ద భోజనాల బదులు ఐదారు చిన్నవి పెట్టండి. తిన్న వెంటనే లేవనివ్వకండి, కాసేపు కూర్చోనివ్వండి. భోజనానికి ముందు ఒకసారి, తిన్న గంటకు ఒకసారి బీపీ చూసి రాసిపెట్టి డాక్టర్‌కి చూపించండి. మందు వేసుకునే వేళ మార్చాల్సి రావచ్చు, అది వారే చెప్పాలి.

ఇక లాభం మాట. ఆయన వయసులో నేను కొలెస్ట్రాల్ కంటే ముందు తూకం యంత్రం చూస్తాను. ఆయన బట్టలు వదులయ్యాయా? అయ్యాయంటున్నారు. అయితే ఆయనకు ఏదీ మాన్పించకండి, ప్యాకెట్ తిండి తప్ప. ప్రతి చిన్న భోజనంలోనూ మాంసకృత్తులు ఉండేది ఒకటి పెట్టండి. గుడ్డు తింటారా? రోజుకొకటి చాలామందికి ఇబ్బంది లేదు. షుగర్ ఉందంటున్నారు కాబట్టి డాక్టర్‌తో ఒకసారి మాట్లాడి మొదలుపెట్టండి. నెలకోసారి తూచి క్యాలెండర్ మీద రాయండి. రెండు నెలలు వరసగా తగ్గుతుంటే ఆ క్యాలెండర్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వీలైతే ఆయన తినేటప్పుడు మీరూ పక్కన కూర్చుని తినండి. ఒంటరిగా తినే పెద్దవాళ్లు తక్కువ తింటారు.

ఇప్పుడు మిగతావాళ్ల ప్రశ్నలు తీసుకుంటాను. ఆయన వాడే మందుల చీటీ తెచ్చారా అమ్మా? సభ అయ్యాక ఇక్కడే ఉండండి, ఇద్దరం కలిసి చూద్దాం.